పసిపిల్లల ప్రయాణం పెద్దల లెక్కకు ఎందుకు అందదు

సంక్షిప్తంగా

పసిపిల్లలతో ప్రయాణాల్లో తలెత్తే ఇబ్బందుల్లో చాలావాటికి మొండితనమో గారాబమో కారణం కాదు. ఎదుగుతున్న శరీరానికీ, పెద్దల శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని వేసుకున్న ప్రయాణ ప్రణాళికకూ పొంతన కుదరకపోవడమే అసలు కారణం. నిద్ర, లోపలి చెవి, మెడ ఎముకలు, ఒంటి వేడి, కాలం మీద అవగాహన, జ్ఞాపకశక్తి, ఇవన్నీ నెలల తేడాతో మారిపోతుంటాయి కనుక ఆరు నెలల వయసులో హాయిగా సాగిన దారే రెండేళ్ల వయసులో యుద్ధంగా మారవచ్చు. ఏ వయసులో ఏది ఎందుకు కష్టమవుతుందో, దాని ప్రభావం ప్రయాణం మీద ఎలా పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

నాలుగు గంటల దారి అనుకుని కుటుంబం కారులో బయలుదేరుతుంది. మొదటి గంట సాఫీగా గడుస్తుంది. రెండో గంటలో ఒక బూటు ఊడి సీటు కింద పడుతుంది, తీసి తొడిగేలోపు రెండోదీ పడుతుంది. మూడో గంటకు రెండేళ్ల బిడ్డ వీపును విల్లులా వంచి, బెల్టు కింద నుంచి జారిపోవాలని చూస్తూ, చేతికిచ్చిన నీళ్ల సీసాను విసిరికొట్టి ఏడుపు అందుకుంటుంది. ముందు సీట్లో ఒకరు ఆకలేమో అంటారు, మరొకరు ముద్దు ఎక్కువై ఇలా తయారైందంటారు. గంట క్రితమే తిన్న బిడ్డకు ఆకలి అయ్యే అవకాశం తక్కువ, పెంపకానికైతే ఈ ఏడుపుతో దాదాపు సంబంధమే లేదు.

పెద్దలు ప్రయాణాన్ని కిలోమీటర్లలో, గంటల్లో కొలుస్తారు. పసిపిల్లల శరీరం కొలిచేవి వేరు. నిద్ర లేచి ఎంతసేపయింది, కాళ్లూ చేతులూ ఆడించి ఎంతసేపయింది, కుదురుకున్న చోటు నుంచి ఎన్నిసార్లు లేపారు అన్నవే దానికి ముఖ్యం. ఐదేళ్లలోపు పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు పిల్లలను తోపుడు బండిలోనో కుర్చీలోనో కదలనివ్వకుండా ఒక విడతలో గంటకు మించి ఉంచవద్దంటాయి. పెద్దలకు నాలుగు గంటలు కూర్చోవడం విశ్రాంతి కావచ్చు. కదలికతోనే మెలకువనూ ఉత్సాహాన్నీ సర్దుకునే రెండేళ్ల బిడ్డకు మాత్రం అది చాలా కష్టమైన పని.

అవే మార్గదర్శకాల ప్రకారం ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. ప్రయాణం రోజున ముందుగా కోత పడేది ఈ నిద్రకే. ట్రాఫిక్‌ను తప్పించుకోవడానికి తెల్లవారుజామునే లేపుతారు, మధ్యాహ్నం కునుకు వేళకు ఏదో ఒక చోట వరుసలో నిలబడి ఉంటారు, రాత్రికి కొత్త గది. నిద్ర చాలని పెద్దవాళ్లు మందకొడిగా మారితే, నిద్ర చాలని పసిపిల్లల్లో చాలామంది అందుకు విరుద్ధంగా చిందులు తొక్కుతారు. చూసేవారికి అది హుషారులా కనిపించడంతో, అసలు పడుకోబెట్టవలసిన సమయంలో ఇంకో రెండు చోట్లు చూపించే పొరపాటు జరుగుతుంది.

దూరం కన్నా మార్పుల సంఖ్య ఎక్కువ భారం అనడానికి కారణం మెదడులో ఉంది. చేస్తున్న పనిని ఆపి, మనసును మరో దాని మీదకు మళ్లించే సామర్థ్యం మెదడు ముందుభాగానికి చెందినది. ఆ భాగం పూర్తిగా పరిపక్వం కావడానికి ఇరవై ఏళ్లు దాటాలి. ఇంటి నుంచి వాహనానికి, వాహనం నుంచి వరుసకు, అక్కడి నుంచి ఇంకో వాహనానికి, చివరికి గదికి మారిన ప్రతిసారీ బిడ్డ చేతిలోని ఆటను వదిలి, కొత్త శబ్దాలకూ వెలుగుకూ అలవాటు పడాలి. ఒకే రైలులో ఆరు గంటలు గడపడం, రెండేసి గంటల చొప్పున మూడు వాహనాలు మారడం పెద్దల లెక్కలో సమానం. పసిపిల్లల విషయంలో రెండోదే బరువు. ప్రణాళిక వేసేటప్పుడు గంటలతో పాటు ఈ మార్పులను కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే, ఆ రోజు ఏ పూట గొడవ మొదలవుతుందో ముందే దాదాపుగా ఊహించవచ్చు.

"ఇంకా ఎంతసేపు?" అన్న ప్రశ్న సంగతీ ఇలాంటిదే. మూడేళ్ల బిడ్డకు గంట అన్న కొలత ఇంకా ఏర్పడదు కాబట్టి "రెండు గంటలు" అన్న జవాబు ఆ చెవికి శబ్దం మాత్రమే, అందుకే ఐదు నిమిషాలకే అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస మాత్రం ఆ వయసుకే బాగా తెలుస్తుంది. "వంతెన దాటాక ఆగుతాం, ఆగాక తింటాం, తిన్నాక ఇంకోసారి ఎక్కుతాం" అంటే బిడ్డ పట్టుకోవడానికి ఒక తాడు దొరికినట్టే. వంతెన కనిపించగానే గుర్తుచేసేది కూడా బిడ్డే అవుతుంది.

కాలమండలాలు దాటే ప్రయాణాల్లో దీనికి శరీర గడియారం కూడా తోడవుతుంది. గంట తేడాకు సర్దుకోవడానికి సుమారుగా ఒక రోజు పడుతుందన్నది వాడుకలో ఉన్న అంచనా. రోజును పొడిగించుకోవడం కన్నా కుదించుకోవడం శరీరానికి కష్టం కనుక తూర్పు దిశగా వెళ్లడం పడమటి దిశ కన్నా ఇబ్బంది. పుట్టిన తొలి రెండు మూడు నెలల్లో రాత్రీ పగలూ తేడా తెలిపే గడియారమే సరిగా ఏర్పడి ఉండదు కాబట్టి ఆ వయసు శిశువుకు కాలమండలం మారడం పెద్ద విషయం కాదు. (తల్లిదండ్రుల నిద్ర ఎలాగూ ఎప్పుడో చెదిరిపోయి ఉంటుంది.) కొత్త చోట ఉదయపు వెలుగులో బయట తిప్పడం, రాత్రి గదిని చీకటిగా ఉంచడం ఆ గడియారాన్ని త్వరగా దారిలో పెడతాయి.

నడక అంటే పసిపిల్లలకు వేరే పని

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేసి, 17 సార్లు పడ్డారు. ఇన్ని అడుగులు వేసినవారు ఎంత దూరమైనా నడుస్తారని అనిపిస్తుంది. కానీ ఆ నడకలో చాలా భాగం ఎక్కడికీ చేరదు. నాలుగు అడుగులు ముందుకు, రెండు పక్కకు, ఒకసారి కూర్చోవడం, మళ్లీ లేవడం, అంతే. ఆ వయసుకు నడకే ఆట, గమ్యంతో పని లేదు. పెద్దలు వేసుకున్న కార్యక్రమం ఒక గమ్యం నుంచి ఇంకో గమ్యానికి గీసిన గీత కాబట్టి ఈ రెండు నడకలూ కలవవు. చారిత్రక కట్టడం ముందు నిలబడిన రెండేళ్ల బిడ్డ ఆ కట్టడం వైపు తల ఎత్తకుండా, మెట్ల పక్కన కాలువ మీది ఇనుప జాలీలోంచి గులకరాళ్లు జారవిడుస్తూ ఇరవై నిమిషాలు గడపడం అందుకే.

ఎత్తు తేడా కూడా ఇందులో కలుస్తుంది. మూడేళ్ల బిడ్డ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. మ్యూజియంలో అద్దాల పెట్టెలు పెద్దల కళ్లకు సరిపడేలా ఉంటాయి, ఆ ఎత్తు నుంచి చూస్తే కనిపించేవి చెక్క పలక, అద్దం మీద దీపపు మెరుపు. పెద్దలు కూడా మ్యూజియాల్లో త్వరగా అలసిపోతారని బోస్టన్ లలితకళల మ్యూజియానికి చెందిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే ఒక వ్యాసంలో చూపించారు. వస్తువులను చూడటానికి వంగుతూ, మెడ సాచుతూ అవస్థపడుతున్న మనిషి ఫొటోలను దానికి జతచేశారు. తల్లి ఎత్తుకుంటేనే తప్ప ఏదీ కనిపించని బిడ్డకు అదే హాలులో అరగంట కన్నా ఎక్కువ ఓపిక ఉండాలనుకోవడం న్యాయం కాదు.

వాంతులు రెండేళ్ల తర్వాతే ఎందుకు

చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఎన్ని ఘాట్ రోడ్లు ఎక్కినా ఇబ్బంది పడని పిల్లలకు మూడు నాలుగేళ్లు వచ్చేసరికి కారు ఎక్కితేనే వాంతులు మొదలవుతాయి. తిన్నది పడలేదనో, పొట్టలో ఏదో జబ్బనో కుటుంబాలు కంగారు పడతాయి. సాధారణంగా ఇది జబ్బు కాదు. లోపలి చెవిలో ద్రవంతో నిండిన సన్నని వలయాలు శరీరం కదులుతోందని మెదడుకు చెబుతుంటాయి. ముందు సీటు వెనుకభాగాన్ని మాత్రమే చూస్తున్న కళ్లు ఏదీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు సమాచారాలూ పొసగకపోవడమే ప్రయాణపు వాంతులకు మూలమని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. రెండేళ్లలోపు ఇది అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువ. తొమ్మిది పదేళ్ల ప్రాంతంలో బాగా కనిపించి ఆ తర్వాత చాలామందిలో తగ్గిపోతుంది.

ఈ వివరణను ఒప్పుకుంటే పరిహారాలూ అందులోంచే వస్తాయి. కిటికీ అంచు కన్నా కింద కూర్చున్న బిడ్డకు దూరపు దారి కనిపించదు. వయసుకు తగిన ఎత్తు సీటు వేస్తే రక్షణతో పాటు చూపు కూడా బయటికి అందుతుంది. ఊరుకుంటుందని ఫోన్ చేతికిస్తే కళ్లు కదలని తెర మీదే నిలిచిపోతాయి, లోపలి చెవి మాత్రం ప్రతి మలుపునూ లెక్కపెడుతుంటుంది. అంటే ఏడుపు ఆపడానికి వాడిన వస్తువే గంట తర్వాత వాంతికి కారణమయ్యే అవకాశం ఉంది. పాటలు, కథలు వినిపిస్తే ఈ చిక్కు లేదు, వినడం వల్ల చూపు కట్టుబడిపోదు. కడుపు పూర్తిగా ఖాళీగా ఉన్నా, బాగా నిండి ఉన్నా వికారం ఎక్కువే. ముఖం పాలిపోవడం, ఆవులింతలు, ఉన్నట్టుండి మాట తగ్గిపోవడం ముందు వచ్చే సూచనలు. చిన్న పిల్లలు "తిప్పుతోంది" అని చెప్పలేరు, కడుపు నొప్పి అని మాత్రం అంటారు. మందుల విషయానికి వస్తే, నిద్ర తెప్పించే రకం మందులు కొందరు పిల్లల్లో నిద్రకు బదులు చిరాకునూ ఉద్రేకాన్నీ పెంచుతాయి కనుక వైద్యుణ్ని అడగకుండా వేయకూడదు.

విమానంలో ఏడుపు, ఆరంభం కన్నా చివర్లో

విమానం ఎగిరేటప్పుడు ఊరుకున్న శిశువు దిగే ముందు గుక్కపట్టి ఏడవడం చాలామంది గమనించే ఉంటారు. చెవిపొర వెనుక గదిని గొంతుతో కలిపే యూస్టేషియన్ నాళం ఇందుకు కారణం. పైకి వెళ్లేటప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, చెవిలోని గాలి దానంతట అదే బయటికి పోతుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతుంది, లోపలికి గాలి రావాలంటే ఆ నాళం తెరుచుకోవాలి, అది తెరుచుకునేది గుటక వేసినప్పుడో ఆవులించినప్పుడో మాత్రమే. పసిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కనుక సులువుగా తెరుచుకోదు, జలుబు చేసి ఉంటే మరీ కష్టం. పెద్దలు కావాలని గుటక వేస్తారు. శిశువుకు ఆ కిటుకు తెలియదు.

పాలు పట్టడం, పాసిఫైయర్ ఇవ్వడం, కాస్త పెద్ద పిల్లలకు నీళ్లు గుక్క గుక్కగా తాగించడం పనిచేసేది ఇందుకే. ఇక్కడ సమయం ముఖ్యం. చక్రాలు నేలను తాకేటప్పుడు పాలు పడితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే దిగడం దానికి దాదాపు అరగంట ముందే మొదలవుతుంది. నిద్రలో గుటకలు తగ్గుతాయి కాబట్టి, ఎంత మనసు ఒప్పకపోయినా, దిగడం మొదలైనప్పుడు బిడ్డను లేపడమే చెవులకు మంచిది. ఏడుపు కూడా ఆ నాళం తెరుచుకోవడానికి సాయపడుతుందన్న విషయం పక్క సీటువారికి తెలిస్తే కొంత ఊరట.

ఒడి ఎందుకు చాలదు

రోడ్డు ప్రయాణంలో బిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకుంటే చాలని నమ్మేవారు ఇంకా ఉన్నారు. చిన్న లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగం సెకనులో పదో వంతు కాలంలో సున్నాకు పడిపోతే, 10 కిలోల బిడ్డను ఆపి ఉంచడానికి సుమారు 140 కిలోల బరువును ఎత్తేంత బలం కావాలి. ఏ చేతులకూ అంత పట్టు ఉండదు. పైగా ఆ క్షణంలో పట్టుకున్నవారి శరీరం కూడా ముందుకే దూసుకుపోతుంది.

శిశువుల సీటును వెనక్కి తిప్పి బిగించడానికి కారణం వేరు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తల దాదాపు నాలుగో వంతు, పెద్దవారిలో ఎనిమిదో వంతు ఉంటుంది. మెడ వెన్నుపూసలు ఇంకా మెత్తని మృదులాస్థితో కలిసి ఉంటాయి. ఎదురుగా ఢీకొన్నప్పుడు ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డ మొండెం బెల్టు దగ్గర ఆగిపోతుంది, బరువైన తల మాత్రం ముందుకు లాగుతుంది, ఆ భారమంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు కలిసి సీటు వీపులోకి ఒదుగుతాయి, దెబ్బ అంతటా పరుచుకుంటుంది. స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ వ్యోమగాములు ప్రయాణంలో వెల్లకిలా ఒరిగి కూర్చునే తీరును చూసి, అదే సూత్రంతో వెనక్కి తిరిగిన పిల్లల సీటును 1964లో తయారుచేశారు. ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన, 2013లో అమల్లోకి వచ్చినది, 15 నెలలు దాటేవరకు బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలంటుంది. ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్నప్పుడు ఆ సీటులో ఇలా బిగించడం మాత్రం ప్రాణాంతకం, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దెబ్బ నేరుగా బిడ్డ తల వెనుక తగులుతుంది.

సీటు ఉన్నా చేసే రెండు పొరపాట్లు ఉన్నాయి. దళసరి కోటు మీద బెల్టు బిగిస్తే అది గట్టిగానే ఉన్నట్టు తోస్తుంది, ఢీకొన్నప్పుడు కోటులోని దూది అణిగిపోయి బెల్టు వదులవుతుంది. కోటు తీసి బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పితే ఆ బెడద ఉండదు. రెండోది, గమ్యం చేరాక నిద్ర చెడుతుందని శిశువును గంటల తరబడి ఆ సీటులోనే వదిలేయడం. మెడ నిలవని వయసులో తల ముందుకు వాలితే గొంతులోని శ్వాసమార్గం నొక్కుకుపోతుంది. సీటు ప్రయాణానికే, పడకకు కాదు.

ఆగి ఉన్న కారు

కదిలే కారు గురించి ఆలోచించినంతగా ఆగి ఉన్న కారు గురించి ఆలోచించరు. కిటికీల్లోంచి వచ్చిన ఎండ లోపలి సీట్లనూ డాష్‌బోర్డునూ వేడెక్కిస్తుంది, ఆ వేడి బయటికి పోలేదు. 2005లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో బయట 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున కూడా కారు లోపల 47 డిగ్రీల దాకా చేరింది, గంటలో పెరిగిన వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. కిటికీలను కొద్దిగా దింపి ఉంచినా పెద్దగా తేడా రాలేదు. పసిపిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం ఎక్కువ, చెమటతో చల్లబడే శక్తి తక్కువ. అందుకే వారి శరీరం పెద్దల కన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుందని చెబుతారు. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అన్న మాటలో ఉన్న ప్రమాదం ఇది.

బిడ్డను కారులో మరచిపోయే ఘటనలు వార్తల్లోకి వచ్చినప్పుడు నిర్లక్ష్యం అన్న మాట ఒక్కటే వినిపిస్తుంది. మతిమరుపు పనిచేసే తీరు అంత సులువైనది కాదు. రోజూ వెళ్లే దారిలో వాహనం నడపడం అలవాటు జ్ఞాపకం మీద సాగిపోతుంది, "ఈ రోజు దారిలో బిడ్డను దింపాలి" అన్న సంగతిని గుర్తుంచుకోవలసింది వేరే వ్యవస్థ. నిద్ర చాలనప్పుడు, రోజువారీ పద్ధతి మారినప్పుడు, వెనుక సీటులో బిడ్డ నిద్రపోయి చప్పుడు లేనప్పుడు అలవాటుదే పైచేయి అవుతుంది. ఇల్లు దాటి తిరిగే రోజుల్లో ఈ మూడూ ఒకేసారి కూడుతాయి. ఫోనునో చేతిసంచినో వెనుక సీటులో బిడ్డ పక్కన పెట్టుకునే పద్ధతి, వాటి కోసమైనా ఆ తలుపు తెరవక తప్పదు కనుక, మనిషి మంచితనం మీద ఆధారపడకుండా పనిచేస్తుంది.

నీరు, ఎండ, ఎత్తు

నవజాత శిశువు శరీరంలో దాదాపు మూడొంతులు నీరే. కనుక విరేచనాలు పట్టుకుంటే పెద్దలకు రోజంతా పట్టే నీరసం శిశువుకు కొన్ని గంటల్లోనే వస్తుంది. మూత్రం తగ్గడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, నోరు ఆరిపోవడం, మాడు మీది మెత్తని చోటు లోతుకుపోవడం గుర్తులు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ప్రయాణపు సంచిలో ఉండవలసిన వస్తువుల్లో మొదటి వరుసవి. ఆరు నెలల్లోపు బిడ్డకు ఎండ కాలంలో కూడా నీళ్లు విడిగా పట్టనవసరం లేదు, పాలు ఎక్కువసార్లు పడితే సరిపోతుంది. ఆ వయసు బిడ్డను నేరుగా ఎండలో ఉంచకుండా నీడతోనూ బట్టలతోనూ కాపాడమనే వైద్యులు చెబుతారు, సన్‌స్క్రీన్ ఆ తర్వాతి మాట. 2,500 మీటర్లు దాటిన ఎత్తుల్లో తలనొప్పి, వికారం ఎవరికైనా రావచ్చు. మాటలు రాని బిడ్డలో అదే బాధ పాలు తాగకపోవడంగా, నిద్ర పట్టకపోవడంగా, ఆపలేని చిరాకుగా బయటపడుతుంది. కొత్త చోటు అలవాటు కాక అలా ఉన్నాడని సర్దిచెప్పుకోవడం అక్కడ ప్రమాదకరం. ఎత్తు ఎక్కిన రోజు అలా ఉంటే ముందుగా ఎత్తునే అనుమానించాలి, తగ్గకపోతే కిందికి దిగాలి.

చెరువులు, సముద్ర తీరాలు, ఈత కొలనుల దగ్గర ఇంకొక సంగతి. మునిగిపోతున్న బిడ్డ కేకలు వేస్తుందనీ నీళ్లు కొడుతుందనీ అనుకుంటారు, నిజానికి అది చాలాసార్లు చప్పుడు లేకుండా, నిమిషం తిరిగేలోపు జరిగిపోతుంది. పదిమంది పెద్దలు ఉన్నచోట ఎవరో ఒకరు చూస్తున్నారని ప్రతి ఒక్కరూ అనుకోవడం వల్ల ఎవరూ చూడని పరిస్థితి వస్తుంది. "ఇప్పటి నుంచి పావుగంట నేను చూస్తాను" అని పేరు పెట్టి వంతు వేసుకోవడం, చేయి చాస్తే బిడ్డ అందేంత దూరంలో ఉండటం తప్ప దీనికి వేరే మందు లేదు.

కొత్త ముఖాలు, కొత్త గది

ఆరు నెలల బిడ్డను ఎవరి చేతికిచ్చినా నవ్వుతుంది. అదే బిడ్డ ఎనిమిది తొమ్మిది నెలలకు బంధువులను చూసి తల్లి మెడ పట్టుకుని వేలాడుతుంది. తెలిసిన ముఖాన్నీ తెలియని ముఖాన్నీ పోల్చుకునే శక్తి అప్పుడే ఏర్పడటం వల్ల వచ్చే బెరుకు ఇది, ఎదుగుదలకు గుర్తు. తల్లిదండ్రులు కళ్ల ముందు నుంచి తప్పుకుంటే పడే దిగులు పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య తీవ్రంగా ఉంటుంది. తల్లిని ఆధారంగా చేసుకునే బిడ్డ కొత్త గదిని పరిశీలిస్తుందని, ఆ ఆధారం దూరమైతే ఆట ఆగిపోతుందని మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ తన ప్రయోగాల్లో చూపించారు. చేరగానే సామాను సర్దే హడావిడిలో పడకుండా ఓ పావుగంట బిడ్డతో కలిసి నేల మీద కూర్చుంటే, కాసేపటికి బిడ్డే లేచి మంచం కిందా తలుపు వెనుకా వెతకడం మొదలుపెడుతుంది.

పిల్లలందరూ ఒక్కలా సర్దుకోరు. మానసిక వైద్యులు అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక అధ్యయనంలో సుమారు 40 శాతం పిల్లలు కొత్తదనానికి సులువుగా అలవాటుపడ్డారు, 10 శాతం తీవ్రంగా ప్రతిఘటించారు, 15 శాతం మెల్లగా, తమ సమయం తీసుకుని కలిశారు, మిగిలినవారు ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడలేదు. పక్కింటి పిల్లవాడు విదేశం దాకా వెళ్లివచ్చినా కిమ్మనలేదన్న పోలిక అందుకే పనికిరాదు. ఆ తేడాలో పెంపకం పాత్ర ఎంతో కొంత ఉన్నా, పుట్టుకతో వచ్చిన తీరుది తక్కువ పాత్ర కాదు.

నడుము ఎత్తున జనం

జాతరలాంటి రద్దీలో మూడేళ్ల బిడ్డకు కనిపించేవి కాళ్లు, సంచులు, వేలాడే చేతులు. తండ్రి ప్యాంటు రంగు ఉన్న ఇంకో ప్యాంటు వెంట పది అడుగులు వేశాక తల ఎత్తి చూస్తే ముఖం వేరు. తప్పిపోవడం ఎక్కువగా ఇలా మొదలవుతుంది, పారిపోవడంతో కాదు. తప్పిపోయానని తెలిశాక కూడా చిన్న పిల్లలు వెతుకుతూ నడుస్తూనే ఉంటారు కాబట్టి దూరం పెరుగుతుంది. అందుకే బయలుదేరే ముందే చెప్పవలసిన మాట ఒకటే, "నేను కనిపించకపోతే అక్కడే ఆగు, నేనే వస్తాను". అమ్మానాన్నల పూర్తి పేర్లు చాలామంది పిల్లలకు రావు, "అమ్మ పేరు అమ్మ" అంటారు. ఫోన్ నంబరు మణికట్టు మీద పెన్నుతో రాసి పెడితే చదవగలిగిన ఎవరైనా సాయపడగలరు. బిడ్డ పేరును చొక్కా మీద పెద్ద అక్షరాలతో రాయించడం మాత్రం మంచిది కాదు, పేరు పెట్టి పిలిచిన ఏ అపరిచితుడైనా తెలిసినవాడే అనిపిస్తాడు. ఉదయాన్నే ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, ఆ రోజు ఏ రంగు బట్టలు వేశారో కంగారులో గుర్తుచేసుకునే పని తప్పుతుంది.

గుర్తుండనప్పుడు తీసుకెళ్లడం ఎందుకు

ఈ అవస్థలన్నీ చూశాక సహజంగా వచ్చే ప్రశ్న ఇది. పెద్దవారికి గుర్తున్న తొలి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నరేళ్ల వయసుది. అంతకు ముందువి దాదాపు మిగలవు. అప్పట్లో జ్ఞాపకాలే ఏర్పడవని దీని అర్థం కాదు. ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా బవర్, మరీనా లార్కినా 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ల వయసులో తల్లులతో మాట్లాడిన సంఘటనల్లో 60 శాతానికి పైగా ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు గుర్తున్నాయి. ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చేసరికి అది 35 శాతం దగ్గరికి పడిపోయింది. జ్ఞాపకం ఏర్పడుతుంది, కొన్నేళ్లు నిలుస్తుంది, ఏడేళ్లు దాటాక చెదిరిపోతుంది. ప్రయాణంలో నేర్చుకున్న మాటలు, నీటి మీద భయం పోవడం, తెలియని చోట నిద్రపోవడం అలవాటు కావడం లాంటివి వేరే రకం జ్ఞాపకాలు. సంఘటన మరచిపోయినా అవి మిగులుతాయి.

ఏ జ్ఞాపకాలు నిలుస్తాయన్నది, ఇంటికొచ్చాక వాటి గురించి ఎలా మాట్లాడుకున్నారన్న దాని మీద కొంత ఆధారపడి ఉంటుంది. "బాగుందా?" అని అడిగితే "ఊఁ" అన్న జవాబుతో మాట అయిపోతుంది. "పడవ ఎక్కేటప్పుడు ఎవరి చెప్పు నీళ్లలో పడింది, అప్పుడు తాత ఏం చేశాడు?" అని అడిగితే బిడ్డ సంఘటనను వరుసగా పేర్చి చెప్పవలసి వస్తుంది, ఆ పేర్చడంలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది. ఫొటోలు సాయపడతాయి గానీ, పదేపదే చూసిన ఫొటోనే తన జ్ఞాపకం అనుకోవడం కూడా జరుగుతుంది. ఒకే ప్రయాణంలో తొమ్మిదేళ్ల అక్క, రెండేళ్ల తమ్ముడు ఉంటే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ తమ్ముడు "నాకు గుర్తుంది" అంటూ చెప్పే పడవ కథలో చాలా భాగం అక్క చెప్పగా విన్నదే అయి ఉంటుంది.